సాసర్‌లో ఆరిన సిగరెట్

ఉదయం ఏడూ పదికి ఫ్రీమాంట్‌లో కారు తీస్తాను. 680 మీద ఉత్తరానికి వెళ్తే శాన్ రామన్‌లో ఆఫీసు. దారిలో డబ్లిన్ అని ఒక ఆకుపచ్చ బోర్డు వస్తుంది. అది కాలిఫోర్నియాలోని చిన్న ఊరు, పేరు మాత్రం ఐర్లండ్ రాజధానిది. నేను చెప్పబోయేదానికీ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ బోర్డు కిందనుంచి వెళ్ళిన ప్రతిసారీ గుండెల్లో ఏదో బరువైన వస్తువు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి దొర్లుతుంది. ఈ దారిన తిరుగుతున్నది నాలుగేళ్ళుగా. ఆ బరువు మోస్తున్నది ఏడేళ్ళుగా.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళకి చెప్పాలని రెండు మూడుసార్లు కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయేది. నేను కారు ఇన్సూరెన్స్ గురించో, ఆఫీసు గురించో మాట్లాడి లేచి వచ్చేసేవాణ్ణి. ఇక్కడ నా పేరు రాయను. మిగతావన్నీ రాస్తాను.

అప్పుడు నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. జూన్‌లో క్లాసులు అయిపోగానే మా అమెరికా విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల బృందం ఒకటి ఐర్లండ్ చూడటానికి బయలుదేరింది. పన్నెండు రోజులు, పద్నాలుగు మంది విద్యార్థులు, వెంట చరిత్ర చెప్పే ఒక ప్రొఫెసర్. కార్క్, లిమరిక్, కిల్కెన్నీ, మధ్యలో దారిపొడవునా కోటలు. ఏర్పాట్లు మొదలైన వారంలోనే ప్రొఫెసర్ నా లెక్కల పిచ్చి కనిపెట్టేశాడు. జాబితాలన్నీ నాకు అప్పగించాడు. పాస్‌పోర్టు నంబర్లు, ఎవరిది ఏ గది, బస్సు కదిలే ముందు తలల లెక్క. నియమాల కాగితం టైపు చేసిందీ నేనే. అందులో ఏడోది: బస చేసే ఇళ్ళలో, గదుల్లో, వంట చేయరాదు. పద్నాలుగు కాపీలు తీశాను. అందరిచేతా సంతకాలు పెట్టించాను. నా కాపీ మీద నేనూ పెట్టాను.

ఆ సంతకం పెట్టేటప్పటికే నా సూట్‌కేసులో చిన్న రైస్ కుక్కర్, కిలో బియ్యం, ఆవకాయ సీసా సర్దేసి ఉన్నాయి.

ఒక చిన్న విషయం వివరించాలి, ఓపిక పట్టండి. అమెరికాలో కొన్న కుక్కర్ నూట పది ఓల్టులకి పని చేస్తుంది. ఐర్లండ్‌లో గోడలో వచ్చేది రెండు వందల ఇరవై. నేరుగా పెడితే మాడిపోతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ల్యాబ్‌లో పారేయడానికి పక్కన పెట్టిన పాత ఇనుప కోర్ ఒకటి తెచ్చుకుని, రెండు శనివారాలు కూర్చుని, దాని మీద చేత్తో తీగ చుట్టాను. నాలుగు కిలోల బరువు. అది మోయగలిగింది రెండు వందల వాట్లు. కుక్కర్ లాగేది నాలుగు వందల యాభై. ఈ సంగతి నాకు తెలుసా? తెలుసు. నోటుపుస్తకంలో నా చేతిరాతలోనే ఉంది: "రెండింతల పైన లోడు. ఇరవై నిమిషాలు. ఫరవాలేదు." ఫరవాలేదు కింద గీత కూడా గీశాను. తెలియక చేశాను అనుకోవడానికి నాకున్న దారిని నేనే ఆ గీతతో మూసేసుకున్నాను.

నా గదిలో ఇంకొకరు యాదగిరి. వరంగల్ దగ్గర పల్లెటూరివాడు. సివిల్‌లో పీహెచ్‌డీ, మూడో ఏడు. నాకంటే ఐదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, అతను తమ్మీ అనేవాడు. పెట్టింది తినేవాడు. బంగాళాదుంపల పళ్ళెం ముందు నేను దిగాలుగా కూర్చుంటే, "మీ గుంటూరోళ్ళు అన్నం లేకుంటే పెండ్లి గూడ ఆపేస్తరు తమ్మీ" అని బస్సంతా తిరిగి చూసేలా నవ్వేవాడు. ఏ కోటకి వెళ్ళినా ముందు గోడని వేళ్ళతో తట్టి చూసేవాడు. ఇక్కడ సున్నం ఎక్కువైందని, అక్కడ తర్వాత ఎవరో అతుకు వేశారని చెప్పేవాడు. మా ఓరుగల్లు రాళ్ళకైతే సున్నం కూడా అక్కర్లేదని చివర్న ఒక మాట కలిపేవాడు. ప్రొఫెసర్ అతని వెనకాలే నడుస్తూ నోట్సు రాసుకున్న రోజులున్నాయి. కుక్కర్ సంగతి అతనికి చెప్పలేదు. చెబితే ఆ నవ్వు ఊరంతా వినపడుతుంది. ఒక సాయంత్రం వేడన్నం, ఆవకాయ ముందు పెట్టి ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఇది నిజమా, లేక నన్ను నేను మంచివాణ్ణి చేసుకోవడానికి తర్వాత కలుపుకున్నదా? చాలాసార్లు తరచి చూశాను. సగం నిజం అనుకుంటాను. ఎనిమిది రోజులుగా అన్నం లేదు. ఆకలి నాది.

ఎనిమిదో రోజు మేం దిగింది ఒక చిన్న ఊళ్ళో, రాతి ఇంట్లో. ఇంటావిడ యాభై దాటిన విధవరాలు. చలికాలమంతా స్వెట్టర్లు అల్లి, వేసవిలో వచ్చేవాళ్ళకి అమ్ముతుంది. అవన్నీ మా గదిలోనే చెక్క బీరువాలో ఉన్నాయి. తలుపు తీసి చూపించింది. ఒకదాని అల్లిక ఇంకోదానికి లేదు. యాదగిరిని ఒకటి వేసుకు చూడమంది. అది అతని పొట్ట దగ్గర ఆగిపోయింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ రోజు మధ్యాహ్నం అతనికి అడక్కుండానే రెండోసారి వడ్డించింది.

సాయంత్రం నాలుగింటికి కోట చూడటానికి బయలుదేరాలి. ఇంటికి ఎదురుగా, ఒక పొలం అవతల. యాదగిరి కిటికీ దగ్గర నిలబడి సిగరెట్ తాగుతున్నాడు. నేను మంచం మీద కూర్చుని అతను ఎప్పుడు వెళ్తాడా అని చూస్తున్నాను. కాబట్టి అతను చేసిన ప్రతి పనీ నాకు గుర్తుంది. సిగరెట్‌ను సాసర్‌లో నలిపాడు. కప్పులో మిగిలిన టీ దాని మీద పోశాడు. చుయ్యిమంది. సాసర్‌ను కిటికీ గట్టు మీద పెట్టాడు. కోటు వేసుకుని, తొందరగా రా తమ్మీ అని మెట్లు దిగిపోయాడు.

తలుపు వేశాను. రెండు గ్లాసుల బియ్యం కడిగాను. ట్రాన్స్‌ఫార్మర్‌నీ కుక్కర్‌నీ మంచం కింద పెట్టి ప్లగ్గు గుచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ గట్టిగా రొద పెట్టింది. కింద ఆవిడకి వినిపిస్తుందేమోనని భయం వేసింది. మంచం కాళ్ళవైపు మడత పెట్టి ఉన్న ఉన్ని దుప్పటి తీసి దాని మీద కప్పాను, ఒక అంచు మంచం బయటికి మిగిలింది. రొద తగ్గింది. వేడెక్కే వస్తువుని కప్పకూడదని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. నాకు తెలియదా? చేతులు కప్పుతున్నంతసేపూ తెలుసు. ఇరవై నిమిషాల్లో వచ్చేస్తానని అనుకుని, గడియారం చూసుకుని, పొలం దాటాను.

కోట బురుజులో మెట్లు ఉన్నాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అది నా జబ్బు. పైకి వెళ్ళి సంఖ్య రాసుకున్నాను. కిందికి దిగుతూ మళ్ళీ లెక్కపెడితే ఒకటి తేడా వచ్చింది. మళ్ళీ ఎక్కాను. ముప్పై ఐదు నిమిషాలు గడిచాయి. పైనున్న వాళ్ళెవరో ఆ ఇంటి కిటికీలోంచి పొగ వస్తోందని చూపించారు.

మేం పరుగెత్తి వచ్చేసరికి మంటలు ఆరిపోయాయి. చుట్టుపక్కలవాళ్ళు బకెట్లతో నీళ్ళు పోశారు. పెరట్లో ఇంటావిడ ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి నీళ్ళ బకెట్‌లో ముంచి ఉంది. వాసన వస్తే పైకి వెళ్ళిందట. పొగలో మంచం పక్కన దుప్పటి మండుతుంటే ఉత్త చేత్తో పట్టి లాగి కిటికీలోంచి విసిరేసింది. అప్పటికే కర్టెన్ అంటుకుంది. కర్టెన్ నుంచి బీరువా. ఉన్ని కాలితే జుట్టు కాలిన వాసన వస్తుంది. ఆ ఊరంతా ఆ వాసనే. ఆవిడ ఏడవలేదు. నీళ్ళలో ఉన్న చేతివైపే చూస్తూ వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసుకుంటోంది.

అందరి పాస్‌పోర్టులూ పైన మా గదిలోనే ఉన్నాయని ప్రొఫెసర్ కంగారుపడ్డాడు. నేను తెస్తానన్నాను. జాబితాల మనిషిని కదా, ఎవరికీ వింత అనిపించలేదు.

గదిలో నేల మీద నల్లటి నీళ్ళు. వంగి మంచం కింద చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ బొగ్గులా ఉంది, ఇంకా వేడిగా ఉంది. పక్కన కుక్కర్‌కి ఏమీ కాలేదు. మూత తీశాను. ఎందుకు తీశాను? అన్నం ఉడికింది. పొడిపొడిగా, మెతుకు మెతుకూ విడివిడిగా. ఆవిరి నా ముఖానికి తగిలింది. కింద ఒక మనిషి చెయ్యి కాలి కూర్చుంటే, పైన నేను అన్నం సరిగ్గా ఉడికిందా అని చూశాను. మూత పెట్టాను. ప్లగ్గు పీకాను. రెండింటినీ వానకోటులో చుట్టి సూట్‌కేసులో పెట్టి, పద్నాలుగు పాస్‌పోర్టులు ఒక చేత్తో, సూట్‌కేసు ఒక చేత్తో పట్టుకుని దిగాను. బరువుకి మెట్ల మీద తూలితే, పక్కింటాయన చెయ్యి అందించి సాయం చేశాడు.

పక్క ఊరినుంచి అగ్నిమాపకదళం వచ్చింది. కిటికీ గట్టు మీద సాసర్ చూశారు. అందులో సిగరెట్ పీక, నీళ్ళు. గదంతా బకెట్ల నీళ్ళే కాబట్టి సాసర్‌లో తడి ఉంటే అది దేనికీ రుజువు కాదు. ఈ గదిలో పొగ తాగేది ఎవరని అడిగారు. యాదగిరి చెయ్యెత్తాడు.

ఇక ఆ సాయంత్రం మాట. అందరూ సామాను బస్సులోకి చేరుస్తున్నారు. అతను నన్ను పొలం గట్టుదాకా తీసుకెళ్ళాడు. ముఖం బూడిద రంగులో ఉంది.

"తమ్మీ, నేను పొయ్యేటప్పుడు నువ్వు గదిల్నే ఉంటివి గద. నేను సిగరెట్టు ఆర్పిన్నా? నువ్వు సూసినవా?"

"చూడలేదు అన్నా."

"మంచిగ యాదికి తెచ్చుకో."

"నేను బూట్లు కట్టుకుంటున్నాను. అటు చూడలేదు."

అతను తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఆర్పినట్టే యాదికొస్తున్నది. టీ పోసినట్టు గూడ యాదికొస్తున్నది. గని రోజు గట్లనే ఆర్పుత గద. ఇప్పుడు యాదికొచ్చేది నిన్నటిదో మొన్నటిదో నాకెట్ల తెలుస్తది?"

నేను వంగి బూటు లేసు మళ్ళీ కట్టుకున్నాను.

"అయితే నేనే అయ్యుంట," అన్నాడు. "నా వల్లనే ఆమె చెయ్యి పాయె."

ఒక్క మాట. చూశాను అన్నా. అంతే కావలసింది. నా కుక్కర్ గురించి చెప్పక్కర్లేదు కూడా. ఆ ఒక్క మాట చెప్పినా, నిప్పు ఎలా పుట్టిందో ఎవరికీ తెలియకుండా మిగిలిపోయేదేమో, అతను మాత్రం తన జ్ఞాపకాన్ని తాను నమ్ముకునేవాడు. కానీ అది కాదంటే మరేది అని ఎవరైనా వెతుకుతారు. వెతికితే నా మంచం దగ్గరికి వస్తారు. ఈ లెక్క నేను అతని ముఖం చూస్తూనే వేశాను. ఒక మనిషి గుర్తుని అతని చేతుల్లోంచి లాక్కున్నాను. దొంగతనాల్లో ఇది ఏ రకమో నాకు తెలియదు.

యాత్ర ఆగలేదు. ఇంకా నాలుగు రోజులు ఊళ్ళు, కోటలు. యాదగిరి బస్సులో ముందు సీట్లో ఒక్కడే కూర్చునేవాడు. గోడల్ని తట్టడం మానేశాడు. పదో రోజు ఒక కోట ఆవరణలో పాత బావి కనిపించింది. మిగతావాళ్ళు ప్రార్థనా మందిరం చూస్తున్నప్పుడు సంచిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ తీసి అందులో వదిలాను. చప్పుడు రావడానికి రెండు సెకన్లు పట్టింది. ఇరవై మీటర్లు అని మనసులో లెక్క వచ్చేసింది. అలాంటప్పుడు కూడా. మనిషికి చదువు ఇలా కూడా అంటుకుంటుందా?

తిరిగి వచ్చాక విశ్వవిద్యాలయంలో విచారణ పెట్టారు. యాదగిరి వాదించలేదు. నా అజాగ్రత్త వల్లే జరిగింది అని రాసిచ్చాడు. గదిలో ఉన్నవాణ్ణి కాబట్టి నన్నూ రాసిమ్మన్నారు. పది అంశాలు, వరస నంబర్లతో, ఒక పేజీ. ఎన్నింటికి బయలుదేరాం, ఎన్నింటికి తిరిగి వచ్చాం, కిటికీ ఎటువైపు, సాసర్ ఎక్కడ. పదీ నిజమే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ పేజీ చదివి కమిటీలో ఒకాయన, ఇంత స్పష్టంగా రాసినందుకు నాకు కృతజ్ఞతలు చెప్పాడు.

యాదగిరిని ఒక సంవత్సరం సస్పెండ్ చేశారు. విదేశీ విద్యార్థికి చదువు ఆగితే ఇక్కడ ఉండే హక్కు ఆగిపోతుంది. ఇంటికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. విద్యార్థి వీసా మళ్ళీ రాలేదు. పీహెచ్‌డీ మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోయింది. వెళ్ళేరోజు ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. అతని సామాన్ల జాబితా కూడా నేనే రాసిపెట్టాను. గేటు దగ్గర నన్ను కౌగలించుకుని, నువ్వు నాకోసం చాలా చేశావు అన్నాడు.

తర్వాత నాకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. మరచిపోయానా అంటే, పగలు మరచిపోయేవాణ్ణి కూడా. ఒకసారి డ్రైక్లీనింగ్ షాపులో ఉన్ని కోటు మీద ఇస్త్రీ కాస్త ఎక్కువ పడింది. ఆ వాసనకి షాపు బయటికి వచ్చి ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. ఒంట్లో బాలేదా అని ఎవరో అడిగారు. ఆఫీసులో కొత్తగా చేరిన ఆవిడ కుడిచేత్తో కాఫీ కప్పు అందిస్తే, కారణం లేకుండా ఆ వేళ్ళు కదులుతున్నాయా లేదా అని చూశాను. ఇంట్లో ఏ తీగ పట్టుకున్నా వేడిగా ఉందా అని తడుముతాను. వేడిగా ఉండదు. అయినా ఎవరో నా వెనక నిలబడి, అటు చూశావా లేదా అని అడుగుతున్నట్టే ఉంటుంది.

ఈ ఏప్రిల్‌లో యాదగిరి వచ్చాడు. ఇప్పుడు వరంగల్‌లో పాలిటెక్నిక్ లెక్చరర్. ఏదో శిక్షణ కోసం మూడు వారాలకి పంపించారు. శని, ఆదివారాలు నా అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు. జుట్టు నెరిసింది. సిగరెట్ ఆ రోజే మానేశాడట. అంతే కాదు. పడుకునే ముందు నా వంటింట్లోకి వెళ్ళి స్టవ్ మీటలన్నీ ఒక్కొక్కటే తాకి చూశాడు. గోడలో ఉన్న ప్లగ్గులన్నీ పీకాడు. ఇంట్లో కూడా ఇంతేనని, పెళ్ళాం, పిల్లలు నవ్వుతారని, అలవాటైపోయిందని చెప్పాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాను.

ఆదివారం ఉదయం పెట్టెలోంచి ఒక కవరు తీశాడు. ఇంటికి వెళ్ళిన ఏడాదే అతను ఆ ఇంటావిడకి క్షమించమని ఉత్తరం రాశాడట. ఆవిడ జవాబు రాసింది. అప్పటినుంచి ఏటా క్రిస్మస్‌కి రాస్తుంది. నాకు చూపించిన ఉత్తరంలో అక్షరాలు పెద్దవిగా, ఎడమవైపు వాలి ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు రెండు ఇంకా వంగవని, ఎడం చేత్తో రాయడం ఇప్పుడు బాగానే కుదిరిందని, అల్లిక మాత్రం కుదరలేదని రాసింది. నిన్ను ఎప్పుడో క్షమించాను, ఇంక అడగకు అని కింద గీత గీసి ఉంది.

"ఆమె మాఫ్ చేసింది తమ్మీ," అన్నాడు యాదగిరి. "నేనే చేసుకోలేకపోతున్న."

ఆ కాగితం నా చేతిలో ఉంది. ఆవిడ ఎడం చేత్తో కష్టపడి రాసిన మన్నింపు, చేరవలసిన మనిషికి కాక, అది అవసరమే లేని మనిషికి చేరింది. అది పనికిరాక అతను ఇన్నేళ్ళుగా పట్టుకుని తిరుగుతున్నాడు. చెప్పాల్సిన క్షణం ఏదైనా ఉందంటే అదే. గదిలో ఇద్దరమే ఉన్నాం. ఆదివారం. ఎక్కడికీ తొందర లేదు. నేను ఉత్తరం మడత పెట్టి ఇచ్చి, ఇంకో దోసె వెయ్యనా అన్నా అని అడిగాను.

అది రెండోసారి. మొదటిసారికి భయం అనే సాకైనా ఉంది. ఈసారి ఏముంది? నా మీద అతనికున్న ప్రేమ పోతుందని. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

అతను వెళ్ళి ఐదు వారాలైంది. నిన్న ఆఫీసుకి వెళ్ళలేదు. రెండు ఉత్తరాలు రాశాను. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఈసారి అంశాలుగా రాయలేదు. నంబర్లు వేయలేదు. గది నేను కాల్చాను అని మొదటి వాక్యం. ట్రాన్స్‌ఫార్మర్, దుప్పటి, కుక్కర్, బావి, అన్నీ రాశాను. మూత తీసి చూసిన సంగతి కూడా రాశాను. క్షమించమని రెండింటిలోనూ అడగలేదు. ఆ మాట రాయడానికి కలం రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ వెనక్కి తీశాను. కింద పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు రాశాను.

అవి చేరాక ఏమవుతుందో తెలియదు. యాదగిరికి ఇది ఉపశమనమో, ఇంకో దెబ్బో తెలియదు. ఏడేళ్ళు తన సొంత జ్ఞాపకాన్ని కాదనుకుని బతికినవాడికి, నువ్వు గుర్తుపెట్టుకున్నదే నిజం అని ఇప్పుడు చెబితే, పోయినవాటిలో ఏది తిరిగి వస్తుంది? ఆవిడ నా ఉత్తరం చదివి పొయ్యిలో వేయవచ్చు. వేసే హక్కు ఉంది.

ఈ ఉదయం వీధి చివర ఉన్న నీలం పోస్టు డబ్బా దగ్గరికి నడిచి వెళ్ళాను. రెండు కవర్లూ లోపల పడ్డాయి. పడిన వెంటనే నా చెయ్యి దానంతటదే మళ్ళీ లోపలికి వెళ్ళింది. మోచేతిదాకా పెట్టి తడిమాను. అందలేదు.

అందలేదని తెలిశాక కాసేపు అక్కడే నిలబడి, ఊపిరి పూర్తిగా వదిలాను.